కొండచిలువ ఆడో మగో చూసే ముందు

మొదట కాగితాలు. మన కొండపల్లి వైపు అడవుల్లో కనిపించే కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద షెడ్యూల్ 1 జీవి. దాన్ని ఇంట్లో పెంచడమే నేరం, ఇక జత కట్టించే మాటెక్కడ? ఇక్కడ చెప్పేది రిజిస్ట్రేషన్ ఉన్న బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) గురించి.

- మేత మింగి వారం కాకపోతే, కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగుకు తిరిగితే, ఆ రోజు ముట్టుకోవద్దు.

- బెజవాడ ఎండల్లో అయితే పొద్దున్నే పని ముగించండి. పట్టుకోవడానికి రెండో మనిషి ఉండాల్సిందే.

- ప్రోబ్ అంటే ఆడో మగో తేల్చడానికి పాము మలద్వారంలోంచి తోక లోపలికి పోనిచ్చే సన్నటి కడ్డీ. దాని మొన గుండ్రంగా ఉండాలి, పాము సైజుకు తగ్గది కావాలి. స్పిరిట్‌తో తుడిచాక శుభ్రమైన నీళ్లతో కడిగి, నీటి ఆధారిత జెల్లీ రాయండి. తోక కొస వైపే, మధ్యకు కాస్త పక్కగా, మెల్లగా తిప్పుతూ పోనివ్వాలి. ఆగినచోట ఆపేయండి. నెట్టారంటే లోపల చిరుగుతుంది, ఆ పాము ఇక జతకు పనికిరాకపోవచ్చు. ఆడదానిలో సుమారు 2–4 పొలుసుల లోతు, మగదానిలో 7 పైనే. మగపాము బిగబట్టినా తక్కువే చూపిస్తుంది, కాబట్టి రెండో పక్క కూడా చూడండి.

- స్పర్లు (మలద్వారానికి రెండు పక్కలా ఉండే గోళ్లలాంటివి) పెద్దగా ఉన్నాయని మగదని తేల్చేయకండి.

- తోక నొక్కి ఆడో మగో చూడటం చిన్న పాముపిల్లలకే, అదీ చేయి తిరిగినవాళ్లు చేస్తేనే.

రక్తం కనబడితే డాక్టర్ దగ్గరికే. ఆయన పాముల్ని చూస్తారో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, మన దగ్గర కుక్కల, గేదెల డాక్టర్లే ఎక్కువ.