నేల గడ్డకట్టిందా? తీరపు పక్షుల కోసం ఉపగ్రహంతో తేల్చుకునే పద్ధతి

ఉల్లంకి పిట్ట ముక్కు ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది. తడి నేలలోకి దాన్ని దించి వానపాముల్ని, పురుగుల్ని తడిమి పట్టుకుంటుంది. వుడ్‌కాక్‌దీ అదే పద్ధతి. పైన రెండు సెంటీమీటర్ల మందాన నేల బిగుసుకున్నా ఆ ముక్కు దిగదు. తీతువు జాతి పక్షుల ముక్కు పొట్టిది, అవి పైపైన ఏరుకు తింటాయి. వాటికి పలచటి గడ్డ చాలు, తిండి అందకుండా పోవడానికి. తిండి లేని పక్షి ఒంట్లోని కొవ్వు మీద కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఆ సమయంలో తుపాకీ మోతకో, కుక్కకో బెదిరి ఎగిరిన ప్రతిసారీ మిగిలిన కొవ్వు కరుగుతుంది. 1991 ఫిబ్రవరి చలికి ఇంగ్లండ్ తూర్పు తీరంలోని వాష్ ఖాతంలో ఎర్రకాళ్ల తీరపు పక్షులైన రెడ్‌షాంక్‌లు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి.

అందుకే బ్రిటన్‌లో కడు చలి రోజుల్లో నీటిపక్షుల వేటను ఆపేసే ఏర్పాటు ఉంది. 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం సెక్షన్ 2(6) కింద మంత్రి ఉత్తర్వు ఇస్తారు. ఒక్కో ఉత్తర్వు 14 రోజులకు మించకూడదు. దానికి ముందు వాతావరణ కేంద్రాలు పంపే ‘నేల స్థితి’ నమోదును రోజూ చూస్తారు. సగానికి మించిన కేంద్రాల్లో నేల గడ్డకట్టి ఉంటే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. అలా వరసగా 13 రోజులు గడిస్తే 15వ రోజు నుంచి వేట బంద్. చిక్కేమిటంటే కేంద్రం ఉన్న చోటు వేరు, పక్షులు మేసే పొలం వేరు. ఆ మధ్య దూరాన్ని పూడ్చడానికే ఉపగ్రహం. ఇక్కడ చెప్పే పద్ధతి అధికారిక లెక్కకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు.

ముందుగా ఒక మాట ఖాయం చేసుకోవాలి. మనకు కావలసింది అందమైన పటం కాదు, వరసగా ఎన్ని రోజులు అన్న లెక్క. పది మీటర్ల స్పష్టత ఉన్న చిత్రం వారానికొకటి దొరికితే ఈ లెక్క తెగదు. ముతకగా ఉన్నా రోజూ వచ్చే సమాచారం వెన్నెముక కావాలి, స్పష్టమైన చిత్రాలు దాన్ని సరిచూడటానికి పనికొస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

పొలాలు గీసుకోవడం

పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ తెరిచి పక్షులు మేసే పచ్చికబయళ్లను ఒక్కొక్కటిగా పాలిగాన్లుగా, అంటే చుట్టూ గీత మూసిన ఆకారాలుగా గీయండి. ప్రతి పాలిగాన్ కనీసం ఒక హెక్టారు ఉండాలి. గట్లు, చెట్లు, కాలువలు కలవకుండా అంచు నుంచి 20 మీటర్లు లోపలికి కుదించండి. ఆటుపోట్లకు మునిగే బురద మేటల్ని ఇందులో కలపకండి. సముద్రపు నీరు గడ్డకట్టేది మైనస్ 1.8 డిగ్రీల దగ్గర. పైగా రోజుకు రెండుసార్లు పోటు వచ్చి దాన్ని తడుపుతుంది. ఆ నేలకు వేరే లెక్క కావాలి. వరదనీరు నిలిచే బయళ్లకు విడిగా ఒక గుర్తు పెట్టుకోండి, ఎందుకో రాడార్ దగ్గర తెలుస్తుంది.

వెన్నెముక: నేల ఉష్ణోగ్రత

ఈరా5-ల్యాండ్ అనే సమాచారం గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లోనూ, ఐరోపా వారి కోపర్నికస్ వాతావరణ సేవలోనూ ఉచితంగా దొరుకుతుంది. ఇది నేరుగా ఉపగ్రహ చిత్రం కాదు, పరిశీలనల ఆధారంగా నడిపిన నమూనా. గంట గంటకూ సుమారు 9 కిలోమీటర్ల గడిలో నేల ఉష్ణోగ్రత ఇస్తుంది. మొదటి పొర 0 నుంచి 7 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఉల్లంకి ముక్కంత లోతు. ఆ పొరనే తీసుకోండి. విలువలు కెల్విన్‌లో ఉంటాయి, 273.15 తీసేయండి.

రోజువారీ సగటు తీయకండి. పక్షి మేసేది ఎక్కువగా నేల మెత్తబడ్డ వేళ. రాత్రి మైనస్ 4 ఉండి మధ్యాహ్నం ప్లస్ 2 అయితే సగటు సున్నాకు కింద ఉంటుంది, కానీ ఆ రెండు మూడు గంటల్లో పక్షి కడుపు నింపుకోగలదు. కాబట్టి ఆ రోజు 24 గంటల్లో గరిష్ఠ విలువ ఎంతో చూడండి. గరిష్ఠం కూడా సున్నా, ఆ కిందే ఉంటే ఆ రోజుకు ‘గడ్డ’ అని రాసుకోండి. 0 నుంచి 0.5 మధ్య ఉంటే ‘అనుమానం’. నీరు మంచుగా మారేటప్పుడు వేడి వదులుతుంది, అందువల్ల నేల సున్నా దగ్గరే గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ ఆగిపోతుంది. ఈ సన్నటి పట్టీలోనే తప్పులన్నీ జరుగుతాయి.

రెండు లోపాలు గుర్తుంచుకోండి. ఈ సమాచారం దాదాపు ఐదు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఆ ఐదు రోజులకూ దగ్గర్లోని వాతావరణ కేంద్రపు నేల ఉష్ణోగ్రతను తాత్కాలికంగా వాడి, ఈరా5 రాగానే మార్చండి. రెండోది, తీరపు గడుల్లో విలువ ఉండదు, ఎందుకంటే సముద్రాన్ని తీసేస్తారు. అప్పుడు లోపలి పక్కనున్న మొదటి గడిని తీసుకోండి. అది తీరం కన్నా కాస్త చల్లగా ఉంటుందని లెక్కలో ఉంచుకోండి.

నాసా ఉపగ్రహాల మీదున్న మోడిస్ పరికరం కొలిచే ఉపరితల ఉష్ణోగ్రతను కూడా కలపవచ్చు. ఒక కిలోమీటరు గడి, పగలూ రాత్రీ విడిగా వస్తుంది. ముడి అంకెను 0.02తో గుణిస్తే కెల్విన్. నాణ్యత బిట్లలో మొదటి రెండూ సున్నా అయిన పిక్సెళ్లనే ఉంచండి. కానీ దీని మీద ఎక్కువ బరువు వేయవద్దు. మబ్బు ఉంటే మోడిస్‌కు నేల కనబడదు, మబ్బులేని రాత్రులే ఎక్కువ చల్లనివి. అంటే దొరికిన చిత్రాలన్నీ చల్లటి రాత్రులవే అవుతాయి. మబ్బు రోజుల్ని వదిలేసి మిగతావాటితో లెక్క కడితే చలి ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. మంచు పరుచుకుంటే ఇంకో తంటా: అది చెప్పేది మంచు పైతలం ఉష్ణోగ్రత. కింద నేల దుప్పటి కప్పుకున్నట్టు వెచ్చగానే ఉండవచ్చు.

మబ్బుల గొడవ లేని మార్గం: ఎల్-బ్యాండ్

నాసా స్మాప్ ఉపగ్రహం 2015 జనవరి 31న ఎగిరింది. దాని రాడార్ ఆ జులైలోనే చెడిపోయింది, రేడియోమీటర్ మాత్రం పనిచేస్తూ వచ్చింది. 1.41 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే ఎల్-బ్యాండ్ అనే పొడుగు మైక్రోవేవ్ తరంగాల పట్టీలో, నేల వెలువరించే సహజ తరంగాలను ఉదయం 6, సాయంత్రం 6 ప్రాంతంలో కొలుస్తుంది. ఎందుకు పనిచేస్తుందంటే, నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) సుమారు 80, మంచుది మూడు పైచిలుకు. తడి నేల గడ్డకట్టగానే ఎల్-బ్యాండ్‌కు అది ఎండిన నేలలా కనిపిస్తుంది.

సిద్ధంగా వండిన గడ్డ-కరుగు ఉత్పత్తి ఉంది, కానీ బ్రిటన్‌కు దాన్ని గుడ్డిగా వాడకండి. నిలువు, అడ్డ ధ్రువణాల్లో (తరంగం ఊగే దిశల్లో) స్మాప్ కొలిచిన ఉష్ణోగ్రతల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. గడ్డకడితే అది తగ్గుతుంది. ఈ రోజు నిష్పత్తి నుంచి ‘గడ్డ’ ప్రమాణాన్ని తీసేసి, ‘కరిగిన’ ప్రమాణానికీ ‘గడ్డ’ ప్రమాణానికీ మధ్య తేడాతో భాగించండి. 0.5 కన్నా తక్కువ వస్తే గడ్డ. ఇక్కడే మెలిక. సైబీరియాలో జనవరి అంతా నేల గడ్డే, కాబట్టి జనవరి, ఫిబ్రవరి సగటు మంచి ప్రమాణం. తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో జనవరి అంటే చాలావరకు బురద. ఆ సగటుతో పోలిస్తే ఏదీ గడ్డగా తేలదు, లేదా అన్నీ తేలతాయి. అందుకని ఈరా5లో గరిష్ఠం మైనస్ 1 దాటని రోజుల్ని గత శీతాకాలాల నుంచి ఏరి, వాటి సగటును ‘గడ్డ’ ప్రమాణంగా పెట్టుకోండి. ‘కరిగిన’ ప్రమాణానికి వేసవి వద్దు, నవంబరు నాటి తడి నేలనే తీసుకోండి.

తీరం మీదున్న పిక్సెల్‌ను వాడకండి. గడి 9 కిలోమీటర్లని రాసి ఉన్నా ఆ పరికరం నిజంగా చూసేది సుమారు 36 కిలోమీటర్ల మేర. అందులో సముద్రం కలిస్తే నిష్పత్తి ఆటుపోట్లతో ఊగిసలాడుతుంది. తీరం నుంచి 40 కిలోమీటర్లు భూభాగం లోపలికి ఉన్న పిక్సెల్‌తో ‘ఈ ప్రాంతమంతా బిగుసుకుందా’ అని మాత్రమే అడగండి. ఉదయం, సాయంత్రం రెండూ గడ్డ అంటేనే ఆ రోజు గడ్డ.

ఇదే ఎల్-బ్యాండ్‌లో రాడార్ ఉన్న నాసా-ఇస్రోల ఉపగ్రహం నైసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరింది. పక్కనే ఉన్న పులికాట్‌లో శీతాకాలం గడిపే రెడ్‌షాంక్‌లకు గడ్డ నేలతో పని లేదు కానీ, వాటి జాతివాళ్లు ఉత్తరాన ఎదుర్కొనే చలిని చూడటానికి ఈ ఉపగ్రహం పనికిరావచ్చు. 12 రోజులకొకసారి అదే చోటికి వస్తుంది కాబట్టి ఇది కూడా సరిచూసే పనికే, రోజువారీ లెక్కకు కాదు.

పొలం స్థాయిలో: సెంటినెల్-1

ఇది ఐరోపా ఉపగ్రహం: సీ-బ్యాండ్ (ఎల్-బ్యాండ్ కన్నా పొట్టి తరంగాల) రాడార్, పది మీటర్ల పిక్సెల్, మబ్బుతో సంబంధం లేదు. ఎర్త్ ఇంజిన్‌లో వెడల్పాటి పట్టీని చూసే ఐడబ్ల్యూ మోడ్, వీవీ (నిలువుగా పంపి నిలువుగా అందుకునేది), వీహెచ్ (నిలువుగా పంపి అడ్డంగా అందుకునేది) ధ్రువణాలు ఎంచుకోండి. తర్వాత కక్ష్య సంఖ్యను బట్టి విడగొట్టండి. ఒక కక్ష్య చిత్రాన్ని ఇంకో కక్ష్య చిత్రంతో పోల్చకూడదు, చూసే కోణం మారితేనే ఒకటి రెండు డెసిబెల్స్ తేడా వస్తుంది. ఉదయం ఆరింటి ప్రాంతంలో వచ్చే కక్ష్యలు మేలు.

ప్రతి కక్ష్యకూ గడ్డలేని తడి రోజుల చిత్రాలు ఐదారు తీసుకుని ప్రమాణం చేయండి. సగటు తీసే ముందు డెసిబెల్స్‌ను మామూలు అంకెల్లోకి మార్చాలి: పదితో భాగించి, పది మీద ఘాతంగా వేయాలి. సగటు వచ్చాక మళ్లీ డెసిబెల్స్ చేయండి. నేరుగా డెసిబెల్స్ సగటు తీస్తే విలువ తక్కువగా వస్తుంది. పిక్సెల్ పిక్సెల్‌కూ చూడకండి, చుక్కల రొదలో ఏమీ తేలదు. హెక్టారంటే వంద పిక్సెళ్లు, ఆ మొత్తం సగటే నమ్మదగ్గది. కొత్త చిత్రం ప్రమాణం కన్నా 3 డెసిబెల్స్ లేదా అంతకు మించి పడితే గడ్డ కావచ్చు. 2 కన్నా తక్కువ తేడాకు అర్థం వెతకకండి, నేల ఎండినా అంత పడుతుంది.

‘కావచ్చు’ అనడానికి కారణం ఉంది. సిగ్నల్ పడిపోవడానికి ఇంకో రెండు దారులున్నాయి. కరుగుతున్న తడి మంచు రాడార్‌ను మింగేస్తుంది. నిలిచిన వరదనీరు అద్దంలా సిగ్నల్‌ను అవతలికి నెట్టేస్తుంది. రెండింట్లోనూ గడ్డకట్టినప్పటిలాగే మసక కనిపిస్తుంది, కానీ పక్షికి అర్థం పూర్తిగా వేరు: వరదనీటి అంచున తిండి దండిగా ఉంటుంది. కాబట్టి ఆ గంటకు ఈరా5 విలువ చూడండి. సున్నాకు కింద ఉండి సిగ్నల్ పడితే గడ్డ. ప్లస్‌లో ఉండి పడితే తడి మంచో, నీరో. వరద గుర్తు పెట్టుకున్న పాలిగాన్లలో పడిపోవడం 6 డెసిబెల్స్ దాటితే ముందు నీటినే అనుమానించండి. ఇక పొడి మంచు సీ-బ్యాండ్‌కు దాదాపు కనబడదు, దాని కిందున్న నేలే తెలుస్తుంది.

ఒక్క ఉపగ్రహం అదే కక్ష్యలో తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది, రెండుంటే 6. 2021 డిసెంబరులో సెంటినెల్-1బి ఆగిపోయి, 2024 డిసెంబరులో 1సి వెళ్లింది. ఆ మధ్య కాలపు పాత రికార్డులో చిత్రాలు పలచగా ఉంటాయి, మీ లెక్క తప్పనుకోకండి.

కలిపి లెక్కకట్టడం

ఒక పట్టికలో రోజుకో వరస పెట్టండి: ఈరా5, స్మాప్, సెంటినెల్, తీర్పు. ఈరా5, స్మాప్ రెండూ గడ్డ అంటే గడ్డ. రెండూ కాదంటే కాదు. రెండూ గొడవపడిన రోజున, ఆ రోజుదో ముందు రోజుదో సెంటినెల్ చిత్రం ఉంటే దాని మాట. లేదంటే ‘తెలియదు’. ఈ మూడో మాట రాయడానికి మొహమాటపడవద్దు. తెలియని రోజుల్ని గడ్డగా నింపితే వేటగాళ్లు మీ లెక్కను మళ్లీ నమ్మరు, కరుగుగా నింపితే వరస అనవసరంగా తెగుతుంది. వరస పొడవును రెండు అంకెలుగా చెప్పండి: ఖాయంగా ఇన్ని రోజులు, తెలియనివి కలిపితే ఇన్ని.

సరిచూడటానికి 2018 ఫిబ్రవరి 15 నుంచి మార్చి 15 వరకు నడిపి చూడండి. ఫిబ్రవరి ఆఖరు వారంలో తూర్పు గాలితో వచ్చిన ఆ చలి తీవ్రమైనదే, కానీ పొట్టిది. పల్లపు తీర ప్రాంతంలో మీ లెక్క 13 రోజులు దాటిందంటే హద్దు ఎక్కడో వదులుగా ఉంది.

నేల మీద పరీక్ష

సుమారు 6 మిల్లీమీటర్ల లావు ఇనుప చువ్వ, 5 సెంటీమీటర్ల లోతుకు దించే నేల థర్మామీటర్ చాలు. పొలానికి ఐదు చోట్ల చువ్వను ఒంటి చేత్తో నొక్కి ఎంత దిగిందో సెంటీమీటర్లలో రాయండి. రెండుకు లోపు ఆగిపోతే గడ్డ. ఊటలూ కాలువల ఒడ్లూ చివరిదాకా మెత్తగానే ఉంటాయి, వాటిని విడిగా రాయండి, ఆఖరున పక్షులు చేరేది అక్కడికే. పరీక్ష ముళ్లకంచె వెంట, పక్షుల గుంపుకు దూరంగా చేయండి. మందను లేపి తీసుకొచ్చిన కొలత వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

నేల కరగడం మొదలైనప్పుడు ఒక్క ప్లస్ రోజును చూసి వరస తెంచకండి. పై సెంటీమీటరు బురదై కింద ఇంకా ఇటుకలా ఉండే దశలో స్మాప్ ‘కరిగింది’ అంటుంది, చువ్వ మాత్రం దిగదు. చువ్వ ఐదింట మూడు చోట్ల ఐదు సెంటీమీటర్లు దిగేదాకా ఆగండి. నేల మెత్తబడ్డాక కూడా పక్షి ఒంట్లో కొవ్వు తిరిగి చేరడానికి కొన్ని రోజులు కావాలి, కాబట్టి వేట మళ్లీ మొదలెట్టమని తొందరపడి చెప్పేది మీరు కాకూడదు.

పటాన్ని బయటికి ఇచ్చేటప్పుడు పాలిగాన్లను తీసేసి, 10 కిలోమీటర్ల గడుల్లో రంగు మాత్రమే చూపండి. చలికి ఆఖరి ఆసరాగా పక్షులన్నీ చేరే ఊట ఎక్కడుందో తెలిస్తే దొంగచాటు వేటగాడు తిన్నగా అక్కడికే వెళతాడు.