పాత కాగితాలు, పాత డిస్కులు వదిలించుకునే ముందు

ఇల్లు మారేటప్పుడో ఆఫీసు ఖాళీ చేసేటప్పుడో కాగితాల కట్టలు, పాడైన ల్యాప్‌టాప్, సొరుగులో మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌లు అన్నీ ఒక్కసారే బయటపడతాయి. ఆ హడావుడిలో అన్నిటినీ ఒకే సంచిలో పడేయకండి. ముందు ఉంచుకోవాల్సినవి ఏరి పక్కన పెట్టండి. ఆస్తి పత్రాలు, పన్ను లెక్కలు పొరపాటున ముక్కలైతే మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం. డిస్కులోని ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకుని, అవి తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే చెరిపే పనికి దిగండి.

కాగితాన్ని చేత్తో నాలుగు ముక్కలు చేస్తే చాలదు. నిలువు పేలికలుగా కోసే ష్రెడర్‌నూ నమ్మొద్దు. పంక్తులు బ్లేడు వాటంగా పడితే ఖాతా నంబరు మొత్తం ఒక్క పేలికలోనే చదవొచ్చు. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం సిబ్బంది ష్రెడర్‌లో వేసిన పత్రాలను ఇరానీయులు పేలికలు పేర్చి మళ్లీ చదవగలిగారు. అడ్డంగానూ నిలువుగానూ కోసేదే వాడండి. కాగితం ముక్కల సైజును బట్టి స్థాయిలు చెప్పే జర్మనీ ప్రమాణం డిన్ 66399లో పీ-4 స్థాయి అంటే ఒక్కో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు మించదు, ఇంటి కాగితాలకు అది సరిపోతుంది. తగలబెడదామంటే, గట్టిగా కట్టిన కట్ట అంచులు మాడి లోపలి పేజీలు అలాగే మిగిలిపోతాయి.

డిస్కుల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. డిలీట్ కొట్టినా, క్విక్ ఫార్మాట్ చేసినా సాధారణ హార్డ్‌డిస్కులో పోయేది ఫైలు ఎక్కడుందో చెప్పే చిట్టా మాత్రమే. ఫైలు అక్కడే ఉంటుంది. ఈ రకం డిస్కు మొత్తాన్నీ ఒక్కసారి కొత్త డేటాతో నింపితే చాలు, పదిసార్లు అక్కర్లేదు. తిరిగే పళ్లేలు లేకుండా మెమరీ చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీ సంగతి వేరు. మీరు పాతదానిపై రాస్తున్నామనుకుంటారు, లోపల డేటా ఎక్కడ రాయాలో నిర్ణయించే చిప్ (కంట్రోలర్) మాత్రం కొత్త గడుల్లో రాస్తుంది. పాత డేటా మీ కంటికి కనిపించని చోట మిగిలిపోవచ్చు. అందుకే మొత్తం డేటాను డిస్కు తనంతట తానే చెరిపేసేలా తయారీ సంస్థ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అయస్కాంతం ఎస్ఎస్‌డీపై పనిచేయదు. అసలు కొన్న మొదటిరోజే ఎన్‌క్రిప్షన్ (తాళంచెవిలాంటి రహస్య కోడ్ లేకుండా డేటా చదవలేకుండా చేయడం) పెట్టుకుంటే మేలు, చివర్లో ఆ తాళంచెవి చెరిపేస్తే సరిపోతుంది.

పగలగొట్టాలనుకుంటే ఎక్కడ కొడుతున్నారో చూసుకోండి. చాలా ఎస్ఎస్‌డీల డబ్బా విప్పితే సగం ఖాళీయే. ఆ ఖాళీలో రంధ్రం చేసి ఊరుకుంటే చిప్‌లు చెక్కుచెదరవు. ప్రతి నల్లటి మెమరీ చిప్పూ పగలాలి. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కులో డేటా ఉండే గుండ్రటి పళ్లేలు చాలావరకు గాజువే, పెంకులు ఎగురుతాయి కాబట్టి కళ్లద్దాలు, చేతొడుగులు తప్పనిసరి. ఫోనుకు మాత్రం సుత్తి, డ్రిల్ తాకించొద్దు, లిథియం బ్యాటరీ అంటుకుంటుంది. ఖాతాల నుంచి సైన్ అవుట్ అయి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, సిమ్, మెమరీ కార్డు తీసేయండి.

ఆఫీసుల్లో మర్చిపోయేది జిరాక్స్ మెషీన్. చాలావాటిలో హార్డ్‌డిస్కు ఉంటుంది, కాపీ తీసిన పత్రాలు అందులో నిలిచి ఉండొచ్చు. అద్దెకు తెచ్చినదైతే తిరిగిచ్చే ముందు దాన్ని చెరిపించండి. పని బయటివాళ్లకు అప్పగిస్తే ప్రతి డిస్కు సీరియల్ నంబరూ రాసుకుని, ధ్వంసం చేసినట్టు ఇచ్చే ధ్రువపత్రంలోని నంబర్లతో సరిచూసుకోండి. వాళ్లు వచ్చేదాకా డిస్కుల పెట్టె వరండాలో కాకుండా తాళం వేసిన గదిలో ఉండాలి.