వీధి బెంచీ తయారీ – 3వ భాగం: ఇనుప ఫ్రేము

పోయిన భాగంలో ఒంగోలులో ఒక అపార్టుమెంటు ముందు వేసే బెంచీకి కొలతలు ఖాయం చేసుకున్నాం. పొడవు 1500 మి.మీ., వెడల్పు 450, ఎత్తు 450. పైన 20 మి.మీ. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక, కింద ఇనుప ఫ్రేము. ఇప్పుడు ఫ్రేము కోసి వెల్డింగ్ చేద్దాం.

ఒక హెచ్చరిక. గెలాక్సీ నల్లరాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నేరుగా ఎండ తగిలే చోట వేస్తే మధ్యాహ్నం దాని మీద చెయ్యి కూడా ఆనించలేం. వేపచెట్టు నీడో, షెడ్డో ఉన్నచోటే ఈ రాయి వాడండి.

చదరపు ఇనుప పైపు 40×40 మి.మీ., మందం 2 మి.మీ., 6 మీటర్లది ఒక్కటి చాలు. కొనేటప్పుడు తూకం వేయించండి. నిజంగా 2 మి.మీ. అయితే సుమారు 14 కిలోలు తూగాలి. పదకొండున్నర కిలోల దగ్గర ఆగితే అది 1.6 మి.మీ. పైపు.

పలక అన్నివైపులా 25 మి.మీ. బయటికి రావాలి కాబట్టి ఫ్రేము 1450×400. పొడవు ముక్కలు 1450వి రెండు, వాటి మధ్య అడ్డాలు 320వి నాలుగు. మొత్తం ఎత్తులో పలక 20, పైపు 40, కాలి కింద వచ్చే బేస్ ప్లేటు 6 తీసేస్తే మిగిలేది 384, కాళ్లు నాలుగూ ఆ కొలతే. అన్నీ కలిపి 5716 మి.మీ. ఒక్కో కోతకు బ్లేడు 3 మి.మీ. తిన్నా పైపు సరిపోతుంది. చివర రెండు అడ్డాలు, మిగతా రెండూ మధ్యలో సమానంగా వేస్తే ఖాళీ ఎక్కడా 430 దాటదు. పలకే సుమారు 40 కిలోలు, దాని మీద ముగ్గురు కూర్చుంటారు, కాబట్టి మధ్య అడ్డాలు తగ్గించుకోవద్దు.

ఫ్రేమును చదునైన నేల మీద పరిచి, మూలమట్టం పెట్టి, ప్రతి మూలా టాకా (చిన్న చుక్క వెల్డింగ్) మాత్రమే వేయండి. ఆపై మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టండి. రెండువైపులా 1504 రావాలి. తేడా 2 మి.మీ. దాటితే టాకా విరగ్గొట్టి సరిచేయండి, పూర్తి వెల్డింగ్ అయ్యాక అది కుదరదు. వెల్డింగ్ రాడ్ 6013 రకం, 2.5 మి.మీ.ది, కరెంటు 70–80 ఆంపియర్లు. లావు రాడ్ పెడితే 2 మి.మీ. పైపుకు బొక్క పడుతుంది. ఒక మూల పూర్తిచేశాక ఎదురు మూలకు వెళ్లండి. ఒకేవైపు వరసగా వేస్తే వేడికి ఫ్రేము మెలిక తిరుగుతుంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది దీని తర్వాతే. పైభాగంలో వెల్డింగ్ గడ్డలను గ్రైండర్‌తో పూర్తిగా నున్నగా చేయాలి. మీటరున్నర బద్ద పెట్టి చూస్తే కింద వెలుతురు కనిపించకూడదు. ఒక్క గడ్డ మిగిలినా పలక బరువంతా దాని మీదే ఆని, ఎవరో ధబాల్న కూర్చున్న రోజున సరిగ్గా అక్కడే చీలుతుంది. పలక అతికించడానికి న్యూట్రల్ సిలికాన్ తీసుకోండి. వెనిగర్ వాసన వచ్చేది ఇనుముకు పనికిరాదు.

పొడవు పైపుల నాలుగు చివర్లూ తెరిచే ఉంటాయి. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి అందులో చేరితే తుప్పు లోపల్నుంచి తింటుంది, బయట పెయింటు చూస్తే ఏమీ తెలియదు. 2 మి.మీ. రేకు ముక్కలతో చివర్లు మూసి చుట్టూ వెల్డ్ చేయండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, రుద్ది, అదే రోజు జింక్ ప్రైమర్ కొట్టండి. తీరానికి దగ్గరలో రెడ్ ఆక్సైడ్ ఒక్కటే నిలవదు.

పెయింటు బదులు హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయించాలనుకుంటే మాత్రం పైపును పూర్తిగా మూయకండి. 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచినప్పుడు లోపలి గాలి, తేమ వ్యాకోచించి పైపు పేలుతుంది, పక్కనున్నవాళ్ల ప్రాణానికే ముప్పు. ప్రతి పైపుకూ రెండు చివర్లా రంధ్రాలు పెట్టి, ఎంత సైజు కావాలో ప్లాంటువాళ్లను అడిగాకే డ్రిల్లు పట్టండి.

బేస్ ప్లేట్లు (100×100×6) వచ్చే భాగంలో, కాంక్రీటు దిమ్మెతో పాటు.