ఉద్యోగం చేస్తున్న ఇంజినీర్ల కోసం డిగ్రీ బ్యాచ్ ఎలా మొదలుపెట్టాలి?

డిప్లొమా అయ్యాక ఫ్యాక్టరీలో చేరి పదేళ్లుగా మెషీన్లతోనే ఉన్నవాళ్లలో బీటెక్ చదవాలనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. అలాంటివాళ్లకు మీ కాలేజీలో బ్యాచ్ పెట్టాలనుకుంటే సిలబస్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు చుట్టుపక్కల ఫ్యాక్టరీల షిఫ్టుల పట్టిక తెచ్చుకోండి.

చాలాచోట్ల ఉదయం 6 నుంచి 2 దాకా ఎ షిఫ్ట్, 2 నుంచి రాత్రి 10 దాకా బి, ఆ తర్వాత తెల్లవార్లూ సి. మనిషి వారానికో షిఫ్ట్ మారతాడు. ‘సాయంత్రం 6కి క్లాసులు’ అని బోర్డు పెట్టేస్తే, ప్రతి మూడో వారం మీ స్టూడెంట్ బి షిఫ్ట్‌లో మెషీన్ దగ్గరే ఉండిపోతాడు. అందుకే ఒకే పాఠాన్ని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పించండి. లెక్చరర్లు గొణుగుతారు. వర్క్‌లోడ్‌లో రెండు క్లాసులుగా లెక్కేస్తే సర్దుకుంటారు.

అనుమతుల పని ఆ తర్వాత. ఉద్యోగుల కోసం విడిగా బ్యాచ్‌లు పెట్టుకునే వీలు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ) 2023-24లో ఇచ్చింది. డిప్లొమా ఉండి, కనీసం ఏడాది సర్వీసు ఉన్నవాళ్లు నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. మీరు అర్జీ పెట్టే ఏటి ఏఐసీటీఈ హ్యాండ్‌బుక్ చదువుకుని, అనుబంధ యూనివర్సిటీకి కూడా అర్జీ పెట్టండి.

అసలు పని కంపెనీతో ఒప్పందం దగ్గర ఉంది. బ్రిటన్‌లో ఇంజినీర్ల వృత్తి ప్రమాణాలు చూసే ఇంజినీరింగ్ కౌన్సిల్ చేపట్టిన ‘ఇంజినీరింగ్ గేట్‌వేస్’ పద్ధతిలో ఏం నేర్చుకోవాలో స్టూడెంట్, కంపెనీ, యూనివర్సిటీ ముందే కూర్చుని రాసుకునేవాళ్లు. మనమూ అలాగే చేయొచ్చు. సంతకానికి హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లేముందు ప్లాంట్ ఇన్‌చార్జిని కలవండి. క్లాసు రోజున రిలీవర్‌ని, అంటే స్టూడెంట్ బదులు డ్యూటీ చేసే మనిషిని, పంపాల్సింది ఆయనే. గేటు దాటి బయటికి రాకూడని డ్రాయింగులేవో, మధ్యలో ట్రాన్స్‌ఫర్ అయితే ఏం చేయాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

ప్రాజెక్టును స్టూడెంట్ డ్యూటీలోంచే తీయండి. బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఒక ఫీడ్ పంపులో బేరింగ్ మాటిమాటికీ పోతోందనుకుందాం. లాగ్‌బుక్‌లో ‘బేరింగ్ మార్చాం’ అని ఉంటుంది. డిగ్రీకి అది చాలదు. నిమిషానికి 1,480 చుట్లు తిరిగే ఆ పంపులో వైబ్రేషన్ 49 హెర్ట్జ్ (సెకనుకు 49 సార్లు) దగ్గర, అంటే చుట్ల వేగానికి రెండింతల దగ్గర, ఎక్కువగా కనిపిస్తే అలైన్‌మెంట్‌ని, అంటే మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరుసలో ఉన్నాయా అన్నదాన్ని, అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు సరిచేసిన అలైన్‌మెంట్ పంపు వేడెక్కాక ఎంత జరుగుతుందో అతను లెక్కగట్టి, రీడింగులతో చూపించాలి. మార్కులు దానికి. వైవాకి ఆ పంపు తెలిసిన సీనియర్ ఇంజినీర్‌ని కూడా కూర్చోబెట్టండి, కాపీ కొట్టిన రిపోర్టయితే రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

ఒకసారి మేం సెమిస్టర్ పరీక్షలు సరిగ్గా ఒక ప్లాంట్ వార్షిక షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంట్ ఆపే) వారంలోనే పెట్టాం. సగం బెంచీలు ఖాళీ. ఇప్పుడు షట్‌డౌన్ తేదీలు చేతికొచ్చాకే పరీక్షల టైంటేబుల్ వేస్తున్నాం.