థార్ లేపినంక టైర్ రాస్తుందా, స్టీరింగ్ గుంజుతుందా? తేడా ఎక్కడుందో ఇట్ల పట్టుకోండి

మా పత్తి చేను పరకాల దిక్కు, వాన పడ్డదంటే తారు రోడ్డు దిగినకాడి నుంచి చేనుదాక బాటంతా నల్లరేగడే, అందుకని మహీంద్రా థార్ బండిని సస్పెన్షన్ కాడ రెండించులు లేపిచ్చి (దీన్నే లిఫ్ట్ అంటరు) కంపెనీ 255/65 ఆర్18 టైర్లు తీసి రిమ్ములు గూడ మార్చి 285/70 ఆర్17 ఏటీ (ఆల్ టెరైన్, రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు ఎక్కిచ్చిన. తర్వాత ఒక్కొక్కటి బయటపడ్డది. ఏది దేనివల్ల వచ్చిందో రాస్తున్న, ఇప్పుడు లేపుదామనుకుంటున్న తమ్ముళ్లకు పైసలు మిగుల్తయి.

మలుపుల్ల టైర్ రాస్తుంది

ముందు ఎప్పుడు రాస్తుందో చూడాలె. గుంతల పడ్డప్పుడు పైన ధన్నుమని తగిలితే ఎత్తు చాలలేదని అర్థం. స్టీరింగ్ ఫుల్ కట్ చేసినప్పుడే గరగర అంటే అది ఎత్తు కాదు, టైర్ వెడల్పు, రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ చక్రాన్ని ఎంత లోపటికి, ఎంత బయటికి పెడ్తదో ఆ లెక్క). నాది ఈ రెండోదే. చక్రం ఇప్పి టార్చి కొట్టి చూస్తే చక్రం గూటిల ఉండే ప్లాస్టిక్ లైనర్ మీద అరచేయంత జాగల మట్టి మొత్తం పోయి అద్దంలెక్క మెరుస్తుంది, చుట్టూ మాత్రం దుమ్ము అట్లనే ఉన్నది. షాపాయన ఇంకో ఇంచు లేపుదాం అన్నడు గని దానితోని పొయ్యేది కాదు, ఎందుకంటే రిమ్ ఎంత బయటికొస్తే టైర్ మలిగేటప్పుడు అంత దూరం తిరిగొచ్చి బంపర్ మూలకు తగుల్తది. ఆ రిమ్ములు తీసి కంపెనీ ఆఫ్‌సెట్‌కు దగ్గరున్నయి ఏపిచ్చి, లైనర్ కొద్దిగ కోపిచ్చిన, పోయింది. వీల్ స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) ఏసుకున్నోళ్లు ముందు అవి తీసి చూడుండ్రి.

బండి ఒక దిక్కు గుంజుతుంది, స్పీడ్‌ల తేలినట్టుంటది

ములుగు రోడ్డు మీద 90 దాటినంక నాకు తెలిసింది. థార్ ముందట ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రం దానికదే కదులుతది), లేపగానే క్యాంబర్ (చక్రం నిలువుకు ఎంత ఒంగిందో), క్యాస్టర్ (చక్రం మలిగే ఇరుసు ముందుకెనకకు ఎంత వాలిందో), టో (చక్రాల ముందు భాగం లోపటికుందా బయటికుందా) మూడూ జరుగుతయి. లిఫ్ట్ చేసిన రోజే అలైన్‌మెంట్ చేపియ్యాలె, ఓ 500 కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నంక మళ్ల చేపియ్యాలె. ఊకె అయిపోయిందంటే ఇనకుండ్రి, రీడింగ్ ప్రింట్ అడుగుండ్రి. అడ్జస్ట్‌మెంట్ చివరిదాక పోయినా రీడింగ్ రాకపోతే అప్పర్ ఆర్మ్ (చక్రాన్ని పైన పట్టి ఉంచే చేయి) మార్చుడే.

మారుతి జిమ్నీకి ముందు, వెనక రెండు దిక్కులా రిజిడ్ యాక్సిలే (రెండు చక్రాలను కలిపే ఒకటే గట్టి ఇరుసు), లేపితే క్యాస్టర్ తగ్గి స్టీరింగ్ దానంతట అది మళ్ల సెంటర్‌కు రాదు, యాక్సిల్ గూడ కొద్దిగ పక్కకు జరుగుతది. క్యాస్టర్ బుష్‌లు, అడ్జస్టబుల్ ప్యాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు పోకుండ పట్టే కడ్డీ) ఏపియ్యాలె. స్టీరింగ్ దడదడ కొట్టుకుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్, ఆ తర్వాత ప్యాన్‌హార్డ్ బుష్, కింగ్‌పిన్ (చక్రం మలిగే ఇరుసు) బేరింగ్ చూపియ్యుండ్రి. ఇవి చూడకుండ స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ అదురును అణచే షాకర్) ఒక్కటి ఏస్తే రోగం లోపటనే ఉంటది.

ముందట టక్ టక్, రిమ్ లోపల గ్రీజు

లేపినప్పుడు ముందటి షాఫ్టులు ఏటవాలుగ అయితయి, జాయింట్ మీది రబ్బరు బూట్ మడతల కాడ ఒరుసుకొని చిరుగుతది. గ్రీజు మరక కనబడ్డ రోజే బూట్ మారిస్తే చిన్న ఖర్చుతోని పోతది, లోపటికి మట్టి పోయిందంటే జాయింటే కరాబై టక్ టక్ అంటది. గుంతల నుంచి లేచేటప్పుడే టక్‌మంటే షాకర్ మొత్తం సాగి కొట్టుకుంటుందని, లిఫ్ట్‌కు తగ్గ పొడుగు షాకర్లు కావాలె. ఊకె స్ప్రింగుల కాడ స్పేసర్లు పెట్టి రెండించులు దాటుడు మంచిది కాదు.

లేపినా బురదల దిగబడ్డది

నాకు మస్తు బాధయింది దీని దగ్గరనే. మా బావ ట్రాక్టర్ తెచ్చి "గింత ఎత్తు లేపినవ్ గదరా, మరెట్ల దిగబడ్డది?" అన్నడు. వంగి చూసిన. వెనక డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్ నడుమ గేర్లుండే ముద్ద) బురదకు ఆని ఉన్నది. లిఫ్ట్ బాడీని లేపుతది, వెనక యాక్సిల్‌ని లేపదు, అది టైర్ మీదనే ఆధారపడ్డది. నా పాత టైర్ 789 మిల్లీమీటర్ల ఎత్తు, కొత్తది 831, అందుల సగమే యాక్సిల్‌కు దక్కుతది, అంటే 21 మిల్లీమీటర్లు, బొటనవేలు వెడల్పంత.

ఇంకోటి, టైర్ మీద ఒక్క గాడి కనబడలే, నల్లమట్టి నిండి నున్నటి మొద్దులెక్క అయింది. గాలి చూస్తే 34. బావను జర ఆగమని 18 పీఎస్ఐకి దించి, గాళ్లల్ల మట్టి కట్టెతోని గీకి, 4L (నాలుగు చక్రాలకు బలం పోయే తక్కువ స్పీడ్ గేర్) ఏసి వచ్చిన గీరలోనే వెనక్కి తీస్తే మెల్లగ బయటికొచ్చింది, ట్రాక్టర్ అక్కర పడలే. రేగడికి కావాల్సింది ఎడం ఎడంగ పెద్ద బ్లాకులున్న మడ్ టైర్, తక్కువ గాలి. కంపెనీ సైజుకు దగ్గరున్న మడ్ టైర్లే ముందు కొని ఉంటే లిఫ్ట్ అవసరమే వచ్చేది కాదు. తారు రోడ్డు ఎక్కంగనే గాలి మళ్ల నింపాలె, అందుకే చిన్న కంప్రెసర్ బండిలనే పెట్టుకున్న.

పికప్ తగ్గింది, మీటర్ తప్పు చూపిస్తుంది

టైర్ పెద్దగయితే గేరింగ్ బరువైతది, మైలేజ్ పడ్తది, బ్రేక్ గూడ దూరం పట్టొచ్చు. నా సైజుల మీటర్ 80 అంటే అసలు 84 పోతున్నట్టు. హెడ్‌లైట్లు కిందికి దించుకోండి, ఎదురొచ్చేటోళ్ల కండ్లల్ల కొడ్తది.

వాగు దాటొచ్చా

థార్‌కు కంపెనీ చెప్పిన నీళ్ల లోతు 650 మిల్లీమీటర్లు, అది నిలిచిన నీళ్లకు. లేపినా పారే నీళ్లల్ల దిగొద్దు, పెద్ద టైర్లు బండిని ఇంకా తేలుస్తయి. 2023 జులైల భూపాలపల్లి కాడ మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది, ఆ దిక్కు వాగులు ఎంత తొందరగ లేస్తయో మనకు తెల్సు.

ఆర్సీ, ఇన్సూరెన్స్

కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడాగ బండిని మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు చెప్పింది. పని చేపిచ్చే ముందే ఆర్టీఓ ఆఫీసుల, ఇన్సూరెన్స్ వాళ్లను రాతపూర్వకంగ అడుగుండ్రి, క్లెయిమ్ కాడ ఇదే అడ్డమొస్తది.

టైర్లు మాత్రం ఐదు కొనుండ్రి. పాత స్టెప్నీ ఒక దిక్కు ఏసి ఫోర్ వీల్‌ల నడిపితే సైజు తేడాకు ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు బలం పంచే గేర్ డబ్బా) మీద లోడ్ పడ్తది, కొత్తది ఏలాడదీసినంక వెనక డోర్ కబ్జాలు గూడ అప్పుడప్పుడు చూస్తుండాలె, పాతదానికంటే బరువుంటది.