అడ్రసు చూడకుండా సెట్టింగులు ముట్టుకోకండి

పోయిన వారం, కొత్తగా దిగిన ఒక తమ్ముడు పాత ల్యాప్‌టాప్‌లోని సర్టిఫికెట్ల స్కాన్లను కొత్తదానిలోకి పంపడానికి మూడు రాత్రులు కూర్చున్నాడు. రెండూ ఒకే బల్ల మీద, జానెడు దూరంలో ఉన్నాయి. ఫోల్డర్ షేర్ చేశాడు, తీసేశాడు, మళ్లీ చేశాడు, బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపేశాడు, చివరకు విండోస్‌నే తిరిగి ఎక్కించబోతూ నాకు ఫోన్ చేశాడు. ఒక ల్యాప్‌టాప్ ఇంటి యజమాని ఇచ్చిన గెస్ట్ వైఫైలోనూ, రెండోది పక్క గదివారి రౌటర్ మీదా ఉన్నాయని తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. అతన్ని తిట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే పరాయి దేశంలో నా మొదటి రెండు నెలలూ ఇలాగే గడిచాయి.

అద్దె గదిలో సిగ్నల్ అందడం లేదని నేను సొంతంగా ఒక రౌటర్ కొని, గోడలోంచి వచ్చే నెట్ కేబుల్‌ను దానికి తగిలించాను. ఫోన్ మాత్రం అలవాటు కొద్దీ ఇంటివారి వైఫైనే పట్టుకునేది. ఫోన్‌లోని ఎఫ్‌టీపీ యాప్‌కు (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే యాప్) ల్యాప్‌టాప్ నుంచి కనెక్షన్ కలిసేది, ల్యాప్‌టాప్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌కు ఫోన్ నుంచి ఎంత ప్రయత్నించినా కలిసేది కాదు. ఒకవైపు నడుస్తోంది కనుక నెట్‌వర్క్ బాగానే ఉందని, తప్పంతా ల్యాప్‌టాప్‌దేనని నిర్ణయించుకుని పెన్‌డ్రైవ్‌తో నెట్టుకొచ్చాను. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండడంతో 4 జీబీ దాటిన వీడియో దానిలోకి ఎక్కకపోవడం మరో తలనొప్పి.

అసలు సంగతి ఏమిటంటే, నా రౌటర్ తన వెనక ఉన్న పరికరాలకు 192.168.1తో మొదలయ్యే ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్యలు) ఇస్తోంది, ఇంటివారి రౌటర్ 192.168.0తో మొదలయ్యేవి ఇస్తోంది. లోపలి రౌటర్ వెనక ఉన్న ల్యాప్‌టాప్ బయటి ఫోన్‌ను పిలవగలదు గానీ, బయటి ఫోన్ పిలిచినప్పుడు ఆ పిలుపును లోపల ఎవరికి అందించాలో రౌటర్‌కు తెలియదు కనుక అక్కడే వదిలేస్తుంది.

అందువల్ల ఇంకే సెట్టింగూ తెరవకముందు రెండు పరికరాల అడ్రసులూ కాగితం మీద రాసుకోండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే వస్తుంది, ఫోన్‌లో వైఫై వివరాల్లో ఉంటుంది. మామూలు ఇంటి రౌటర్ల మీద చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ రెండింటిలోనూ ఒకటే ఉండాలి. వైఫై మీద ఉండగా 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రసే అందలేదని అర్థం. రెండు రౌటర్ల వల్ల అడ్రసులు వేరైతే, రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి, అప్పుడు అడ్రసులు పంచే పని మొదటి రౌటర్ ఒక్కటే చూసుకుంటుంది. రౌటర్ మీది కాకపోతే మాత్రం అడగకుండా చేయి పెట్టకండి.

అడ్రసులు కలిసినా ఫైలు కదలకపోతే గెస్ట్ వైఫైని అనుమానించండి. ప్రతి పరికరానికీ ఇంటర్నెట్ ఇచ్చి, పక్క పరికరాన్ని మాత్రం చూడనివ్వకపోవడమే సాధారణంగా దాని పని. రౌటర్ సెట్టింగుల్లో దీనికి క్లయింట్ ఐసోలేషన్ అనో, ఏపీ ఐసోలేషన్ అనో పేరు ఉంటుంది. బ్రౌజర్‌లో వీడియోలు చక్కగా ఆడుతుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ వైఫై మీ చేతిలో లేనప్పుడు రెండు ల్యాప్‌టాప్‌లనూ ఒక నెట్‌వర్క్ కేబుల్‌తో నేరుగా కలిపేయండి. ఈసారి 169.254 అడ్రసులు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, రెండింటికీ 169.254తో మొదలయ్యేవే వస్తే ఫైళ్లు వెళ్లిపోతాయి.

విండోస్ ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్ అనుకుంటే షేరింగ్‌ను మూసేస్తుంది, దాన్ని ప్రైవేట్‌గా మార్చాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే రహస్య దారి) నడుస్తుంటే పక్కనున్న పరికరం కూడా కనిపించకపోవచ్చు. పేరు, పాస్‌వర్డ్ అడిగే పెట్టె వచ్చిందంటే మాత్రం దారి బాగానే ఉన్నట్టు, ఇక రౌటర్ జోలికి పోకండి. అక్కడ రోజూ కొట్టే పిన్ పనిచేయదు, విండోస్ ఖాతా అసలు పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డే పెట్టుకోని ఖాతాను విండోస్ మామూలుగా నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు.

ఫైర్‌వాల్ పూర్తిగా ఆపమనీ, రౌటర్‌లో 445 పోర్ట్ (కనెక్షన్లు వచ్చిపోయే నంబరు వేసిన తలుపు లాంటిది) బయటికి తెరవమనీ ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు. చెప్పిన మనిషి ఎంత దగ్గరివాడైనా వినకండి. విండోస్ ఫైళ్ల షేరింగ్ నడిచేది ఆ పోర్ట్ మీదే, 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది కూడా దాని మీదుగానే. ఒకే గదిలోని రెండు యంత్రాల మధ్య ఫైలు పంపడానికి ఇంటి తలుపు వీధిలోకి తెరవవలసిన అవసరం ఏముంది? పరీక్ష కోసం ఫైర్‌వాల్‌ను రెండు నిమిషాలు ఆపానంటారు, ఆరు నెలల తరువాత చూస్తే అది ఆపే ఉంటుంది. ఆ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో దాన్ని మళ్లీ ఆన్ చేసింది నేనే.

ఇంత చెప్పాను కదా అని బెదిరిపోకండి. రెండు ల్యాప్‌టాప్‌లనూ ఒకే వైఫైలోకి తెచ్చాక అతని ఫైళ్లన్నీ పావుగంటలో వెళ్లిపోయాయి, మీవీ వెళ్తాయి.