ఆరాధనలో భయభక్తులు మళ్ళీ రావాలంటే ఏం చేయాలి

మన తెలుగులో భయభక్తులు అని ఒకే మాట ఉంది చూడండి, ఆదివారం వచ్చేసరికి అందులో భక్తి మాత్రం ఉంచుకుని భయాన్ని వదిలేశాం అనిపిస్తుంది నాకు. మండే పొద దగ్గర మోషేకి చెప్పినట్టు చెప్పులైతే గుమ్మం బయటే విడుస్తాం, ఫోన్ మాత్రం చేతిలోనే ఉంటుంది. నేనేం తక్కువ కాదులెండి, కొన్నేళ్ళు చర్చిలో కీబోర్డ్ వాయించాను, స్కేల్ గురించి తప్ప దేవుని గురించి ఆలోచించని ఆదివారాలు చాలానే ఉన్నాయి.

డ్రమ్స్ తీసేసి పాత కీర్తనలు పాడితే సరిపోతుంది అంటారు కొందరు. సరిపోదు, బైబిల్లో 150వ కీర్తనలో తంబుర, తాళాలు అన్నీ ఉన్నాయి కదా. పెద్ద గుడి ఉంటే వస్తుందా అంటే, 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చిలోకి అడుగు పెట్టగానే సెల్ఫీ తీసుకునేది కూడా మనమే.

శనివారం రాత్రి మొదలుపెట్టండి. బైబిల్లో యెషయా ప్రవక్త పుస్తకం 6వ అధ్యాయం పైకి, నెమ్మదిగా చదవండి. 52 ఏళ్ళు ఏలిన ఉజ్జియా రాజు చనిపోయాడు, దేశానికి ఇక దిక్కెవరు అనుకునే టైంలో యెషయాకి ఇంకో సింహాసనం, దేవుడిది, కనబడింది. అక్కడున్న సెరాపులు అనే దేవదూతలకి ఆరు రెక్కలు, రెండిటితో ముఖం కప్పుకున్నారు, రెండిటితో కాళ్ళు కప్పుకున్నారు, ఎగరడానికి మిగిలింది రెండే. పాపం లేనివాళ్ళే ముఖం కప్పుకుంటే మన సంగతేంటి? అక్కడ యెషయా నోట పాట రాలేదు, "అయ్యో" అని వచ్చింది, ఆ అయ్యో తర్వాతే బలిపీఠం మీది నిప్పు పెదవులకి తగిలి పాపం పోయింది. అంటే ఈ భయం దేవుడికి దూరంగా పారిపోయే భయం కాదన్నమాట. ఇక్కడ తొందరపడకండి, వారం మొత్తం ఇదొక్కటే చదివినా పర్లేదు.

ఆదివారం 10 నిమిషాలు ముందే వెళ్ళండి, ఫోన్లో బైబిల్ చదివే అలవాటుంటే ఆ రోజుకి అచ్చు బైబిల్ పట్టుకెళ్ళండి. పాటలు నడిపించేవాళ్ళయితే మొదటి పాటకి ముందు 2 నిమిషాలు మౌనం పెట్టండి, వెనకాల కీబోర్డ్ కూడా వద్దు. మొదటి వారం దగ్గులు వినబడతాయి, పిల్లలు ఏడుస్తారు, ఎవరో ఒకరు కరెంట్ పోయిందా అని మైక్ వైపు చూస్తారు, కంగారుపడి పాట ఎత్తుకోకండి. పాటలు ఎంచుకునేటప్పుడు నాకు, నా కోసం అనే మాటలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, మొదటి రెండు మాత్రం ఆయన ఎవరో చెప్పేవి పెట్టండి. ప్రకటనలు చివర్లో.

ప్రార్థనలో ప్రతి ముక్కకీ "ప్రభువా ప్రభువా" తగ్గించండి, నీ మాటలు కొద్దిగా ఉండాలని బైబిల్లో ప్రసంగి పుస్తకం 5వ అధ్యాయంలో ఉంది. మనం దేవుణ్ణి మీరు అనం, నీవు అనే అంటాం, అమ్మని పిలిచినట్టు. అది బాగుంది, మార్చక్కర్లేదు, కానీ అంత చనువు ఉన్నచోటే నోరు జాగ్రత్తగా ఉండాలి.

ఆశీర్వాదం అయ్యాక ఆమేన్ అనగానే చెప్పుల కోసం పరిగెత్తకుండా ఒక్క నిమిషం కూర్చోండి, ఎలాగూ గుమ్మం దగ్గర రష్ తగ్గేదాకా ఆగాల్సిందే.